గడి ముందు పట్టని బ్రేకు

మోటారు నడిపిన రోజుల గురించి చెప్పమని అడిగేవాళ్ళంతా పులి కథ కోసం అడుగుతారు. ఎల్లారెడ్డి అడవిలో పులి ఎదురైందా, ఎక్కినవాళ్ళు కెవ్వుమన్నారా అని. పులి కనిపించింది, రెండుసార్లు. రెండుసార్లూ దాని దారిన అది పోయింది. నా బండిని ఆపి, అందులో కూర్చున్నవాళ్ళను దింపి, చెప్పులు చేతుల్లో పట్టించి నడిపించింది పులి కాదు. అందుకని నేను పులి కథ చెప్పను. బ్రేకు పట్టీల కథ చెబుతాను. ఇష్టం లేనివాళ్ళు ఇక్కడే దిగిపోవచ్చు, ఆపుతాను.

కామారెడ్డి స్టేషనులో రైలు దిగినవాళ్ళను ఎల్లారెడ్డి చేర్చే పని మా ఇంటికి బాపు కాలం నుంచి ఉంది. బాపుది ఎడ్లబండి. దారిలో ఎక్కడో ఒకచోట ఆగి వండుకు తినాల్సిందే. బాపు పోయాక ఎడ్లను అమ్మేసి, సికింద్రాబాదులో ఒక మోటారు కార్ఖానాలో నాలుగేళ్ళు బండ్లు కడిగాను, బోల్టులు విప్పాను, చివరికి స్టీరింగు పట్టడం నేర్చుకున్నాను. పందొమ్మిదివందల ముప్పైలు సగం గడిచాక ఒక పాత అమెరికా కారు కొన్నాను. గుడ్డ టాపు, కర్ర ఆకుల చక్రాలు, ఐదుగురి సీటు. ఐదుగురని నేనంటాను గాని ఎక్కేవాళ్ళు ఒప్పుకునేవారు కాదు. లోపల తొమ్మిదిమంది, మెట్ల మీద ఇద్దరు, వెనక కట్టిన బియ్యం మూట మీద ఒక్కోసారి కోళ్ళ గంప. పొద్దున ఎల్లారెడ్డిలో బయలుదేరి రైలు వేళకు కామారెడ్డిలో ఉండేవాణ్ణి. ఆ దారిలో వేరే మోటారు లేదు గనుక నాకూ కొంచెం మిడిసిపాటు ఉండేది, దాచుకోను.

ఆ దారిలో ఒక ఊరు. తాడ్వాయికి ఇవతలో అవతలో చెప్పను, పేరూ చెప్పను. ఆ ఊళ్ళో దొర గడి. దొర ఇల్లు, తీర్పులు చెప్పే కచేరీ, ధాన్యం కొట్లు అన్నీ ఒకే గోడ లోపల. సడక్ ఆ గోడ వెంబడే పోయి కింద వాగులోకి దిగుతుంది. ఎల్లారెడ్డి నుంచి వచ్చేటప్పుడు అది పల్లం, తిరిగి వెళ్ళేటప్పుడు ఎత్తు. ఆ పల్లాన్ని గుర్తుపెట్టుకోండి, కథంతా దాని మీదే జారుతుంది.

గడి ముందు నుంచి ఎవరూ కూర్చుని పోకూడదు. అది అక్కడి కట్టుబాటు. బండిలో ఉన్నవాళ్ళు దిగాలి. కాళ్ళకున్న చెప్పులు చేతికి రావాలి. గొడుగుంటే ముడవాలి. గోడ మొదలు నుంచి చివరిదాకా తల వంచుకుని నడవాలి. ఎడ్ల నాడాలు మాత్రం విప్పించేవారు కాదు. తహసీల్దారు, పోలీసు అమీను వంటివాళ్ళు కూర్చుని పోవచ్చు. మిగతా లోకమంతా కాలినడకే.

నేను మోటారు తెచ్చిన మొదటి రోజు గడి జవాను దుడ్డుకర్ర పట్టుకుని సడక్ నడుమ నిలబడ్డాడు.

"ఇంజను బంద్ చెయ్యి. దిగుండ్రి అందరు."

"నేను దిగితే బండెవలు నడపాలె?" అన్నాను.

"నువ్వు దిగి తోలు."

ఎడ్లను పక్కన నడుస్తూ తోలినట్టు మోటారునూ తోలవచ్చని అతని లెక్క. తప్పు అతనిది కాదు, అంతకుముందు అతను మోటారును నిలబడి ఉండగానే చూశాడు. గడిలో దొర మోటారు ఒకటి ఉంది, కొట్టంలో గుడ్డ కప్పుకుని. పల్లంలో బ్రేకు మీద కాలు తీస్తే బండి నీ కాళ్ళ మీదికే వస్తుందని నేను చెప్పాక లోపలికి వెళ్ళి అడిగి వచ్చాడు. లోపలి నుంచి వచ్చిన తీర్పు ఇది: డ్రైవరు బండి మీద ఉండొచ్చు, కూర్చోకూడదు. నిలబడి నడపాలి.

ఆ రోజు నుంచి ప్రతి ట్రిప్పుకూ అదే తంతు. ఇంజను ఆపేయాలి. ఎక్కినవాళ్ళంతా దిగి బండిని ముందు నుంచి చేతులతో ఆనుకుని వెనక్కి నడవాలి. నేను ఒక కాలు బయట మెట్టు మీద, ఒక కాలు లోపల బ్రేకు మీద పెట్టి, గోడ పొడుగునా బండిని అంగుళం అంగుళం దించాలి. ఎక్కేటప్పుడైతే అందరూ వెనక నుంచి తోయాలి. టిక్కెట్టు కొని బండిని మోసే ముచ్చట నేను ఇంకెక్కడా చూడలేదు. జనం కూడా విచిత్రం, తోసేటప్పుడు నవ్వేవారు. నాకు నవ్వు రాలేదు.

బండి కొన్న నెలలోపే మా అవ్వను, అంటే అమ్మను, ఎక్కించాను. కామారెడ్డిలో మా చిన్నమ్మ ఉంది, అవ్వకు చెల్లెలు. ఆమె ఇంటికి బయలుదేరాం. అవ్వ ముందు సీట్లో కొంగు నిండుగా కప్పుకుని కూర్చుంది. ఊరు దాటేదాకా ఎవరు కనిపించినా నా వైపు చూపు తిప్పి, "గీన నా కొడుకు" అన్నట్టు కళ్ళతోనే చెప్పింది. గడి వచ్చింది. జవాను నిలబడ్డాడు. అవ్వ మోకాళ్ళ నొప్పి మనిషి, తలుపు పట్టుకుని మెల్లగా దిగింది. చెప్పులు విప్పి చేత పట్టుకుంది. ఎండకు కంకర కాలుతోంది. నేను బ్రేకు తొక్కుతూ పక్కన బండి దించుతుంటే నా తల్లి ఆ కంకర మీద కుంటుకుంటూ నడిచింది. నేను అటు చూడకుండా ఉండడానికి బ్రేకు చప్పుడు వింటున్నట్టు నటించాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

వాగు దగ్గర బండి ఆపి తలుపు తెరిచాను. అవ్వ చెప్పులు తొడుక్కుంది గాని ఎక్కలేదు.

"నువ్వు పో బిడ్డా. నేను నడుస్త."

"ఇంక శాన దూరమున్నదవ్వా."

"ఉండనీ. ఎడ్లబండి దిగుడు నాకలవాటే. మా అయ్య బండి దిగిన, మీ బాపు బండి దిగిన. నా కొడుకు మోటరు దిగుడు మాత్రం అలవాటు చేసుకోను."

"మరి ఎప్పుడెక్కుతవు?"

"గిది గడి ముంగట ఆగని దినం చెప్పు. ఎక్కుత."

అన్నది అన్నట్టే నడిచింది. పై ఊళ్ళో ఎవరిదో ఎడ్లబండి పట్టుకుని మర్నాటికి కామారెడ్డి చేరింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి నా బండి ఎక్కలేదు. చెల్లెలింట్లో పెళ్ళయినా పురుడయినా ఒక రోజు ముందే బయలుదేరి ఎడ్లబండిలో పోయేది. గడి ముందు ఆ బండీ దిగాల్సిందే, దిగేది. నా బండి మాత్రం వద్దు. "కొడుక్కు మోటరు, తల్లికి కాలినడక" అని ఎల్లారెడ్డి అంగట్లో నన్ను ఆట పట్టించనివాడు పాపాత్ముడు. నాకు మొదట అవ్వ మీదే కోపమొచ్చింది. కోపం రావాల్సింది ఎవరి మీదో అర్థం కావడానికి చాలాకాలం పట్టింది, అందుకు నా మీద నాకు ఇంకో కోపం.

ఇక బ్రేకు సంగతి. ఆ కాలపు బండ్లకు బ్రేకులు వెనక చక్రాలకే. చక్రానికి ఒక ఇనుప డ్రమ్ము, దాని చుట్టూ ఇనుప పట్టా, పట్టాకు లోపలివైపు రాగి మేకులతో బిగించిన మందపాటి నేత పట్టీ. కాలితో తొక్కితే పట్టా బిగుసుకుంటుంది, పట్టీ డ్రమ్మును ఒరుసుకుంటుంది, బండి ఆగుతుంది. ఆ పట్టీ అరిగిపోతే మేకులు డ్రమ్మును గీరుతాయి, ఆ కూత ఊరవతలికి వినిపిస్తుంది. ఎవరికైనా అవి ఏడాది వస్తాయి. నాకు మూడు నెలలు వచ్చేవి కావు.

పట్టీల కోసం రైలెక్కి పట్నం పోయేవాణ్ణి. కొత్తవి అమ్మే దుకాణం సికింద్రాబాదులో ఉండేది, అద్దాల బీరువాలతో. గుండ్రంగా చుట్టిన కొత్త పట్టీని గజాల లెక్కన కోసి ఇచ్చేవారు. నేతలో సన్నటి ఇత్తడి తీగ మెరిసేది. దాన్ని ముట్టుకుంటేనే గుమాస్తా ముఖం చిట్లించేవాడు. నేను ముట్టుకుని, వాసన చూసి, ధర అడిగి, నమస్కారం పెట్టి వచ్చేవాణ్ణి. కొనేది మూసీ అవతల పాత సామాన్ల బజారులో. చచ్చిన మోటార్ల చక్రాలు, స్ప్రింగులు, లైట్లు నేల మీద పరిచి ఉండేవి. అక్కడ గోరింటాకు గడ్డం ముసలాయన ఒకడు నాకు అలవాటైన వర్తకుడు. చాచా అని పిలిచేవాణ్ణి. విప్పి తెచ్చిన నా పాత పట్టీలను ఒకసారి ఆయన చేతిలో తిప్పి చూశాడు.

"కౌనసా పహాడ్ ఉతర్‌తే మియా?"

ఏ కొండ దిగుతున్నావయ్యా అని. కొండ లేదు, గోడ ఉందని చెప్పాను. గడి సంగతి, ఒక కాలు బయట ఒక కాలు లోపల సంగతి మొత్తం చెప్పాను. అందరిలాగా నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. వచ్చీరాని తెలుగులో, "నీ పట్టీ సడక్ తింటలేదు. దివార్ తింటున్నది" అన్నాడు, గోడ తింటోందని. ఆ మాట నాతో పాటు రైలెక్కి ఎల్లారెడ్డి దాకా వచ్చింది.

కొత్తొక వింత, పాతొక రోత అంటారు. ఆ సామెత చెప్పినవాడు బండి సామాను కొని ఉండడు. పాతదైనా నూనె తగలని పట్టీ బంగారం. గోటితో గీకితే పొడి రాలాలి, మడిచితే నేత విచ్చకూడదు, వాసన చూస్తే కాలిన ఉన్నిలాగా ఉండాలి. నూనె తాగిన పట్టీ చూపుకు ఎంత బాగున్నా పనికిరాదు, ఒరుసుకోవాల్సింది పోయి జారిపోతుంది. ఇదంతా చాచా నేర్పిన చదువు. పాతదని చెప్పి పాతది అమ్మేవాడు, ఆ ఒక్క గుణానికి ఆయనకు దండం పెట్టొచ్చు.

అంతలో లడాయి వచ్చింది, రెండో ప్రపంచ యుద్ధం. అద్దాల బీరువాలు ఖాళీ అయ్యాయి. సీమ సరుకు ఓడలెక్కడం మానేసింది. పాత బజారులో కూడా రోజుకో ధర. ఒకసారి వెళ్ళేసరికి చాచా జబ్బుపడి దుకాణం మూసి ఉంది. పక్క దుకాణంవాడు పట్టీలు చూపించాడు. పొడి రాలింది, వాసన బాగుంది. తొందరలో ఉన్నాను, కొన్నాను. వాడు నూనె తాగిన పట్టీలను పెట్రోలుతో కడిగి, పెనం మీద కాల్చి, ఇసుకతో రుద్ది ఉంచాడని నాకు ఆ రోజు తెలియలేదు. ఇన్నేళ్ళ చదువు ఒక్క బేరంలో పోయింది.

ఆ పట్టీలు బిగించి తొలి ట్రిప్పు. ఎల్లారెడ్డి నుంచి బాగానే వచ్చాం. దారిలో వేడెక్కి, లోపల దాగిన నూనె పైకి తేలినట్టుంది. గడి పల్లంలో కాలు పెట్టాను. పట్టలేదు. మళ్ళీ తొక్కాను. కాలు కింద పలకకు ఆనింది గాని బండి ఆగలేదు. చేతి బ్రేకు లాగాను, అదీ ఆ డ్రమ్ముల మీదే పనిచేసేది, అదీ జారింది. జవాను అలవాటుగా సడక్ నడుమకు వచ్చి కర్ర ఎత్తాడు. ఎత్తిన కర్రతోనే పక్కకు దూకాడు. తొమ్మిదిమంది మనుషులు సీట్లలో కూర్చుని, చెప్పులు కాళ్ళకే ఉంచుకుని, గడి గోడ మొదలు నుంచి చివరిదాకా పోయారు. ఇంజను నడుస్తూనే ఉంది. వాగు ఇసుకలో చక్రాలు దిగబడి బండి తనంత తానే ఆగింది.

కొంచెంసేపటికి వెనక సీట్లోంచి తునికాకు కట్టతో కూర్చున్న ఒక ముసలాయన మెల్లగా అడిగాడు.

"గింతేనా?"

అంతే. ఆకాశం ఊడిపడలేదు, గోడ కూలలేదు. ఇన్ని తరాలుగా దిగి నడిచింది ఇంతమాత్రం దానికా అని ఆయన అడిగాడు. నాకు నవ్వాగలేదు.

జవాను వచ్చి నన్ను దొర ముందుకు తీసుకుపోయాడు. దొర వరండాలో ఉయ్యాల మీద ఉన్నాడు.

"ఏందిరా, కండ్లు నెత్తికెక్కినయా?"

"కండ్లు గాదు దొరా. బ్రేకు పట్టలే."

"రేపు పడ్తదా?"

"రేపు గూడ పట్టది. లడాయిల సామాను దొరుకుతలేదు."

"ఎక్కంగ ఆపు మరి."

"ఎత్తు మీద ఆపితే వెనుకకు జారి వాగుల పడ్తది దొరా. అండ్ల నీ చుట్టాలున్నా పడ్తది."

ఆ చివరి మాట అనవసరం. నోరు ఊరుకోలేదు. దానికి శిక్షగా నా బండి స్టెప్నీ విప్పించి, నా నెత్తిన పెట్టించి, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా కచేరీ ముందు నిలబెట్టారు. అదివరకు బండరాళ్ళు పెట్టేవారట, మోటారువాడికి మోటారు మర్యాద. మెడ నరాలు లాగుతుంటే కింద పడేయాలనిపించింది, పడేయలేదు. పడేస్తే చక్రం ఆకులు విరుగుతాయి, చక్రం నాది. అక్కడ నిలబడే ఒక సంగతి తెలుసుకున్నాను. మనిషికి చెబితే దిగుతాడు, ఎద్దుకు చెబితే ఆగుతుంది. పట్టని బ్రేకుకు ఏ దొరా ఏమీ చెప్పలేడు.

కామారెడ్డిలో ఒక బియ్యం మిల్లు మేస్త్రీ నాకు దోస్తు. మర్నాడే అతని దగ్గర తెగిన మిల్లు బెల్టు ముక్కలు తీసుకుని, డ్రమ్ము కొలతకు కోసి, మేకులు కొట్టి బిగించాను. ప్రాణాల మీదికి తెచ్చుకునే వెర్రి నాకు లేదు. బెల్టు ముక్కలు బాగానే పట్టాయి. పశువు అడ్డమొస్తే ఆగేది, మలుపులో ఆగేది, స్టేషను గేటు ముందు ఆగేది. గడి ముందు మాత్రం పట్టేది కాదు. గోడ కనబడగానే నేను కాలు టపటపా ఆడించి, తల అడ్డంగా ఊపేవాణ్ణి. సీట్లలో ఉన్నవాళ్ళు ఒక నోటితో, "పట్టది, పట్టది" అని జవానుకు వినబడేట్టు చెప్పేవారు. తిరిగి ఎక్కేటప్పుడూ ఇంజను గట్టిగా కూయించి అదే పాట. ఇన్నాళ్ళు నేను నడిపిన బండిలో ఇంతమంది ఒక్క అబద్ధాన్ని ఇంత పదిలంగా కాపాడతారనుకోలేదు. బీబీపేట నుంచి ఎల్లారెడ్డికి పెళ్ళికొచ్చిన ఒకాయన, పెళ్ళి అయిపోయాక ఎడ్లబండి ఉండి కూడా నా బండి కోసం ఒక రోజు ఆగాడు. ఎందుకయ్యా అంటే, "గడి ముంగట కూసొని పోవాలె, మా దిక్కు చెప్పుకోవాలె" అన్నాడు.

ఈ శుభవార్త అవ్వకు చెప్పాను. ఆమె చేటలో జొన్నలు చెరుగుతోంది.

"ఇగ ఎక్కు అవ్వా. గడి ముంగట ఆగుతలేదు."

"ఎందుకాగుతలేదు?"

"బ్రేకు పట్టదని చెప్పిన."

అవ్వ చేట ఆపింది. "బ్రేకు లేకుంటే బండరాయి గూడ ఆగది. బండరాయి గడి ముంగట దొర్లిపోతే గెల్చినట్టా? సాకు చెప్పి దాటినవు బిడ్డా, దాటలే. బ్రేకు ఉండంగ పో, అప్పుడెక్కుత."

నా ఒళ్ళు మండింది. స్టెప్నీ మోసింది నా మెడ గాని ఆమె మెడ కాదు. "నీ పట్టు సల్లగుండ, దేనికీ ఒప్పుకోవు గదా" అని అరిచి బయటికి వచ్చాను. బ్రేకు పట్టు అరుగుతుంది గాని అవ్వ పట్టు అరగదని ఊరంతా చెప్పాను. చెప్పాను గాని లోపల ఆ మాట గుచ్చుకుంది, ఎందుకంటే అది నిజం. రోజూ గోడ ముందు నేను ఆడుతున్నది నాటకం. నాటకం ఆడేవాడు ఎవరికో భయపడుతున్నట్టే లెక్క.

అయితే నాటకం అంటుకుంది. ఎడ్లబండ్లవాళ్ళు నేర్చుకున్నారు. గడి దగ్గరికి రాగానే తోకలు మెలిపెట్టి, ఎడ్లు పరుగెత్తుతుంటే, "బెదిరినయి దొరా, ఆగుతలేవు" అని అరుస్తూ బండ్ల మీదే కూర్చుని పోవడం మొదలుపెట్టారు. ఊళ్ళో అన్ని ఎడ్లకూ ఒకేసారి ఎందుకు బెదురు పట్టిందో దొరకు అర్థమైంది. మూలం నా బండి అనీ అర్థమైంది. నన్ను మళ్ళీ పిలిపించాడు.

ఈసారి శిక్ష లేదు. నా బండి పూర్తిగా ఆగిపోతే దొరకూ నష్టమే. ఆయన మందులు, ఉత్తరాలు, చుట్టాలు అన్నీ నా బండిలోనే వచ్చేవి. ఊరివాళ్ళను పదిమందిని నిలబెట్టి, కొట్టంలోంచి ఒక కాగితపు చుట్ట తెప్పించి నా చేతిలో పెట్టించాడు.

"లడాయి ముందటి సరుకు. నా బండికి తెప్పించుకున్న. తీస్కపోయి బిగించుకో. ఎల్లుండి సంది నా గడి ముంగట ఆగాలె. ఇగ బ్రేకు పట్టలేదన్నవో, నీ చర్మం తీసి బిగిస్త."

విప్పి చూస్తే కొత్త పట్టీ. ఇత్తడి తీగ మెరుస్తోంది. అద్దాల బీరువాలో చూసి, ధర అడిగి, నమస్కారం పెట్టి వచ్చిన సరుకు అదే. నేనెన్నడూ కొనలేనిది, నన్ను ఆపడానికి ఊరికే ఇచ్చారు. ఇంటికి వచ్చి వాకిట్లో గోనె పరిచి, చక్రాలు విప్పి, మిల్లు బెల్టు ముక్కలు పీకాను. కొత్త పట్టీ కోసి డ్రమ్ముకు ఆనిస్తే దానంతటదే కూర్చుంది. పని చేస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. పక్కనే ఆముదం గిన్నె ఉంది. నాలుగు చుక్కలు పూస్తే చాలు, పట్టీ నాశనం, మళ్ళీ పాత పాట పాడుకోవచ్చు. వేలు ముంచాను కూడా.

అవ్వ వచ్చి పక్కన గొంతుకూర్చుంది. నా వేలు చూసింది, గిన్నె చూసింది. పట్టీని బొటనవేలితో రాసి చూసింది.

"కొత్తదా?"

"కొత్తదే. దొర ఇచ్చిండు."

"మంచిగ పడ్తదా?"

"దీనంత మంచిది నా బండికి ఇన్నేండ్లల్ల పడలే."

"అయితే ఇగ సాకు లేదు."

"లేదు."

"అయితే ఎల్లుండి పొద్దుగాల ముంగటి సీటు నాకుంచు" అని లేచి, ఆముదం గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

ఆ రోజు బండి ఎక్కినవాళ్ళకు బయలుదేరే ముందే చెప్పేశాను. బ్రేకు మంచిగా ఉంది, గడి ముందు నేను ఆపను, ఎవరినీ దించను, భయమున్నవాళ్ళు ముందే చెబితే ఊరి బయట దింపుతాను అని. భూమి తగాదా గడి కచేరీలో నలుగుతున్న ఒకాయన ఊరి బయట దిగి నడిచాడు. ఆయన్ని నేనేమీ అనను, ఆయన బతుకు ఆ గోడ లోపల ఉంది. మిగిలినవాళ్ళు కదలలేదు. అవ్వ నా పక్కన కొంగు నిండుగా కప్పుకుని కూర్చుంది, కాళ్ళకు చెప్పులున్నాయి.

పల్లం మొదలైంది. గోడ వచ్చింది. జవాను ఈ రోజు సడక్ నడుమకు రాలేదు, దర్వాజా పక్కన ధీమాగా నిలబడ్డాడు. ఆగుతుందని వాడికి నమ్మకం. నేను పళ్ళు బిగించి కాలును బ్రేకుకు దూరంగా పెట్టాను. దాటేయాలి, అంతే.

"ఆపు" అంది అవ్వ.

భయపడిందనుకున్నాను. ఇన్నేళ్ళ పంతం ఆఖరి గడియలో సడలింది కాబోలు.

"ఆపుమంటున్న బిడ్డా. సరిగ దర్వాజ ముంగట."

తొక్కాను. కీచుమనలేదు, గీరలేదు, జారలేదు. లడాయి ముందటి సరుకు, గడి దర్వాజా ముందు బండిని మేకు కొట్టినట్టు ఆపింది. ఇంజను మాత్రం నేను ఆపలేదు.

జవాను నవ్వుకుంటూ వచ్చాడు. "దిగుండ్రి."

ఎవరూ దిగలేదు. వెనక సీట్లో ఎవరో దగ్గారు. అవ్వ కొంగు వెనక్కి తీసింది. ఆ గోడను మొదలు నుంచి చివరిదాకా, దర్వాజా పైనుంచి కిందిదాకా, తీరుబడిగా చూసింది. పుట్టినప్పటి నుంచి ఆ గోడ పక్కన తల వంచుకునే నడిచిన మనిషి, గోడ పైభాగం ఎట్లుంటుందో ఆమెకు తెలియదు. వరండాలో ఉయ్యాల కిర్రుమనడం ఆగింది. దొర లేచి నిలబడి చూస్తున్నాడు, నాకు కనబడుతోంది, ఆమెకూ కనబడుతోంది.

"సున్నం రాలిపోయిందేంది గోడకు" అంది అవ్వ, ఇరుగుపొరుగు ఇంటి గురించి అన్నట్టు. తర్వాత జవాను వైపు తిరిగింది. "మీ దొరకు చెప్పు కొడుకా. బ్రేకు మంచిగ పట్టింది."

వాడు కర్ర ఎత్తలేదు, దించలేదు.

"ఇగ పోనీ బిడ్డా."

పోనిచ్చాను.

ఊరుకుంటారా? వారం తిరగకుండా అమీను వచ్చి పర్మిట్ తీసుకున్నాడు, మూడు నెలలు బండి బంద్. ఉర్దూ కాగితం నేనే చదివి వినిపించాను. బండి బ్రేకులు సరిగా పట్టనందున అని రాసి ఉంది. అవ్వ కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"మనం గడి ముంగట ఎంతసేపు ఆపినం?"

"తమలపాకు నమిలినంతసేపు గూడ లేదు."

"గంతసేపు కూసున్నందుకు మూడు నెలలా" అంది. వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. "కానీ. బేరం మంచిగనే కుదిరింది."

ఆ మూడు నెలలు ఇంట్లో గంజి పలచబడింది, అది కూడా చెప్పాలి. అవ్వ చేతి కడియాలు పోయాయి. ఆమె ఒక్క రోజు కూడా గొణగలేదు, నేనూ గొణగలేదు. పర్మిట్ తిరిగి వచ్చిన రోజు బండి కడిగి, టాపు దులిపి, కామారెడ్డికి బయలుదేరాను. అవ్వ అడగకుండానే వచ్చి ముందు సీట్లో కూర్చుంది. మా ముందు ఒక ఎడ్లబండి పోతోంది, అందులో ఇద్దరు ఆడవాళ్ళు, ఒక ముసలాయన. గోడ వచ్చింది. ఎడ్లు బెదరలేదు, పరుగెత్తలేదు, వాటి నడక అవి నడిచాయి. బండిలోవాళ్ళు కూర్చునే ఉన్నారు. జవాను దర్వాజా నీడలో నిలబడి వేరే దిక్కు చూస్తున్నాడు.

నేను బ్రేకు మీద కాలు పెట్టి అవ్వ వైపు చూశాను.

"ఆపాల్నా అవ్వా?"

"ఎందుకు? చూసిన గద" అంది.